నింపాదిగా నడిచే కథలు

ఈ మధ్య చూసిన టెలివిజన్ సిరీస్‌లనూ జపాన్ యానిమేషన్ సిరీస్‌లైన అనిమేలనూ తలచుకుంటే, నాకు బాగా నచ్చినవన్నీ ఒక్క విషయంలో కలుస్తున్నాయి. కథలకైతే ఒకదానితో మరొకదానికి పొంతన లేదు. ఒకటి వెయ్యేళ్లు దాటిన ఒక మాంత్రికురాలి ప్రయాణం, ఇంకొకటి అత్యవసర వైద్య విభాగంలో గడిచే ఒక్క రోజు, మరొకటి హత్యానేరం మీద అరెస్టయిన పదమూడేళ్ల పిల్లవాడి కథ. అయితే ఏ క్షణాన్ని తెర మీద ఎంతసేపు నిలపాలో, ఏ సంవత్సరాలను ఒక్క మాటతో దాటేయాలో వీటిని తీసినవాళ్లు లోతుగా ఆలోచించారు. కథలో కాలం ఎలా నడుస్తోందన్నదే ఇప్పుడు నేను అన్నిటికంటే ముందు గమనించే సంగతి. ఆ సంగతి మాట్లాడాలంటే కథల్లోని మలుపులు చెప్పక తప్పదు కనుక, ఇంకా చూడనివాళ్లు ముందు చూసి వచ్చి చదివితే బాగుంటుంది.

ముందుగా చెప్పవలసింది ‘ఫ్రీరెన్: బియాండ్ జర్నీస్ ఎండ్’ గురించే. కనెహితో యమాదా రాయగా త్సుకాసా అబే బొమ్మలు గీసిన ఈ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, 2020లో ధారావాహికగా మొదలైంది. మ్యాడ్‌హౌస్ స్టూడియో కేయిచిరో సైతో దర్శకత్వంలో దీన్ని 28 ఎపిసోడ్ల అనిమేగా తీసింది. అది 2023 సెప్టెంబరు నుంచి 2024 మార్చి వరకు ప్రసారమైంది. దానవరాజును ఓడించడానికి బయలుదేరిన నలుగురు పదేళ్ల తర్వాత విజయంతో రాజధానికి తిరిగి వస్తారు. మామూలుగా ఇలాంటి కథ అక్కడితో ముగుస్తుంది. ఇది అక్కడ మొదలవుతుంది. ఆ నలుగురిలో వీరుడు హిమ్మెల్, పూజారి హైటర్ మనుషులు, యోధుడు ఐజెన్ మరుగుజ్జు జాతివాడు, మాంత్రికురాలు ఫ్రీరెన్ మాత్రం వేల ఏళ్లు బతికే ఎల్ఫ్ జాతికి చెందినది. యాభై ఏళ్లకు ఒకసారి రాలే ఉల్కలను ఆ రాత్రి నలుగురూ కలిసి చూస్తారు. ఇంతకంటే బాగా కనిపించే చోటు తనకు తెలుసనీ, యాభై ఏళ్ల తర్వాత వచ్చి అందరినీ తీసుకువెళతాననీ ఫ్రీరెన్ వచ్చే వారం కలుద్దామన్నంత తేలికగా చెబుతుంది.

చెప్పినట్టే వస్తుంది. అప్పటికి హిమ్మెల్ జుట్టంతా పోయి, ఒళ్లు కుదించుకుపోయిన ముసలివాడైపోయాడు. నలుగురూ మళ్లీ కొద్దిరోజులు నడిచి వెళ్లి ఉల్కలు చూస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లకే హిమ్మెల్ పోతాడు. అంత్యక్రియల్లో ఫ్రీరెన్ కంట తడి లేకుండా నిలబడి ఉండటం చూసి జనం గుసగుసలు పోతారు. శవపేటిక మీద మట్టి పడుతున్నప్పుడు ఆమెకు ఒక్కసారిగా ఏడుపు వస్తుంది. మనుషుల ఆయుష్షు చిన్నదని తెలిసి కూడా పదేళ్లు తన పక్కన నడిచిన మనిషిని తెలుసుకోవాలని ఎందుకు అనుకోలేదన్నది ఆమె దుఃఖం. ఇదంతా మొదటి ఎపిసోడ్‌లోనే అయిపోతుంది. పదేళ్ల ప్రయాణం మనకు చూపించలేదు, యాభై ఏళ్ల ఎడబాటును కొన్ని దృశ్యాల్లో దాటించేశారు, ఆ ఏడుపు దగ్గర మాత్రం ఆగారు. ఎక్కడ ఆగాలో తెలిసిన పనితనం అంటే ఇదేనని నా అభిప్రాయం.

ఆ తర్వాత కథలో సంవత్సరాల లెక్క కూడా మారిపోతుంది. కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా ‘వీరుడు హిమ్మెల్ మరణించిన 28 ఏళ్ల తర్వాత’ అన్నట్టు తెర మీద అక్షరాలు పడతాయి. ఆ లోకంలో రాజుల పేరిట శకాలు ఎన్ని ఉన్నా ఈ కథకు శకం ఒక్కటే. ఆ మాట ఎవరూ పలకరు. అక్షరాలు వచ్చి వెళ్లిపోతాయి, అంతే. ఫ్రీరెన్ మనసులో ఏం జరుగుతోందో చెప్పడానికి అంతకు మించిన సంభాషణ అక్కరలేదు.

నేను మళ్లీ మళ్లీ చూసిన ఘట్టం పద్నాలుగో ఎపిసోడ్‌లో ఉంది. ఫ్రీరెన్ దగ్గర ఒక పాత ఉంగరం ఉంటుంది. దాని మీద చెక్కిన పువ్వుకు ఆ లోకంలో శాశ్వత ప్రేమ అని అర్థం ఉందన్న సంగతి ఆమెకు తెలియదు. ఆ ఉంగరం పోతే ఎంతో వెతుకుతుంది. చివరికి అది దొరికే క్షణంలో కథ దశాబ్దాల వెనక్కి వెళుతుంది. దుకాణంలో ఆమె ఏ ఆలోచనా లేకుండా ఎంచుకున్న ఉంగరాన్ని కొన్న హిమ్మెల్, సాయంత్రపు వెలుగులో మోకాలి మీద కూర్చుని ఆమె ఎడమచేతి ఉంగరపు వేలికి తొడుగుతాడు. అతను ఏమీ అనడు, ఆమెకు ఏమీ అర్థం కాదు. చూస్తున్న మనకు మాత్రం అంతా అర్థమవుతుంది. ఇవాన్ కాల్ సంగీతం కూడా అక్కడ కన్నీళ్లను లాగే ప్రయత్నం చేయదు. ఒక మనిషి తన జీవితకాలంలో చెప్పలేకపోయిన మాట, వినవలసిన ఆమెకు ఇంకా చేరకుండానే దారిలో ఉందన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఈ సిరీస్‌లో పోరాటాలు కూడా కాలం మీదే ఆధారపడి ఉన్నాయి. ఔరా అనే దానవి ఐదు వందల ఏళ్ల శక్తిని చూసుకుని మిడిసిపడుతూ, ఎదుటివారి శక్తిని తన శక్తితో తూచే త్రాసును ఫ్రీరెన్ ముందు పెడుతుంది. ఫ్రీరెన్ వెయ్యేళ్లకు పైగా తన శక్తిని తక్కువగా కనిపించేలా అణచుకుంటూ బతికింది. త్రాసు ఆమె వైపు ఒరిగే ఆ కొద్ది క్షణాల కోసం ఆమె అన్ని శతాబ్దాల నిగ్రహం ఖర్చయింది. పోరాటమంటే కత్తులూ మెరుపులూ అనుకునే అలవాటును పక్కన పెట్టి, గెలుపును ఓర్పుకు ఇచ్చిన ఈ ఘట్టం చాలామంది అభిమానులకు ఇష్టం. నాకూ అంతే. చివరి మూడో వంతును ఆక్రమించిన మాంత్రికుల పరీక్ష మాత్రం నాకు అంతగా పట్టలేదు. కొత్త పాత్రలు గుంపుగా వచ్చేసరికి అప్పటిదాకా కథకు ఉన్న ఏకాంతం పలచబడిందనే అనుకుంటున్నాను.

కదలని బొమ్మను అంతసేపు నిలపగలిగే ధైర్యం అనిమేకు ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే, చరిత్ర ఆసక్తికరంగా ఉంటుంది. 1963లో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ని వారం వారం టెలివిజన్‌కు అందించడం మొదలుపెట్టినప్పుడు డబ్బూ తక్కువే, సమయమూ తక్కువే. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములకు అన్ని బొమ్మలు గీయడం కుదిరే పని కాదు. అందుకని ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు వాడటం, నోరు మాత్రమే కదిలించడం, నిశ్చలంగా ఉన్న చిత్రం మీద కెమెరాను జరపడం వంటి పద్ధతులు స్థిరపడ్డాయి. అవసరం కొద్దీ వచ్చిన ఆ నిశ్చలత్వాన్నే తర్వాతి తరాల దర్శకులు వ్యక్తీకరణగా మలచుకున్నారు. హిదెయాకి అన్నో తీసిన ‘నియాన్ జెనిసిస్ ఎవాంజెలియన్’లో ఇద్దరు అమ్మాయిలు ఒక లిఫ్టులో మాటా పలుకూ లేకుండా నిలబడే దృశ్యం ఉంది. దాదాపు నిమిషం పాటు తెర మీద ఏదీ కదలదు, లిఫ్టు చప్పుడు తప్ప ఏదీ వినిపించదు. ఇద్దరి మధ్య ఉన్న ద్వేషాన్ని, భయాన్ని మాటలతో చెప్పి ఉంటే అది అంత బరువుగా ఉండేది కాదు.

లిఫ్టు అనగానే ‘సెవరెన్స్’ గుర్తుకు రాక తప్పదు. 2022లో ఆపిల్ టీవీ ప్లస్‌లో మొదలైన ఈ సిరీస్‌ను డాన్ ఎరిక్సన్ సృష్టించాడు, చాలా ఎపిసోడ్లకు బెన్ స్టిల్లర్ దర్శకత్వం వహించాడు. ఇందులో ఉద్యోగులు మెదడులో ఒక పరికరం పెట్టించుకుంటారు. ఆఫీసులో ఉన్నప్పుడు బయటి జీవితం గుర్తుండదు, బయటికి వచ్చాక ఆఫీసు గుర్తుండదు. లోపలి మనిషి సాయంత్రం లిఫ్టు ఎక్కుతాడు, తలుపులు మూసుకుంటాయి, ముఖం మీద ఒక చిన్న వణుకు, తలుపులు తెరుచుకుంటాయి, అప్పటికే మరుసటి ఉదయం. అతనికి నిద్ర లేదు, రాత్రి లేదు, ఆదివారం లేదు. పని తర్వాత మళ్లీ పని మాత్రమే ఉంది. ఇంత భయంకరమైన ఆలోచనను ఒక తలుపు మూసి తెరవడంతో చూపించేయడం నన్ను ఆశ్చర్యపరిచింది.

ఆ సిరీస్‌లో నాకు మరీ దగ్గరైన ఘట్టం మొదటి సీజన్ చివర్లో మిస్ కేసీ మాట్లాడే చోటు. ఆమె ఆఫీసు లోపల ఉద్యోగులకు ఊరట కలిగించే ఒక సలహాదారు. అవసరమైనప్పుడు మాత్రమే ఆమెను మేలుకొలుపుతారు. తన జీవితం మొత్తం 107 గంటలేననీ, అందులో చాలా భాగం అరగంట సమావేశాలతోనే గడిచిపోయిందనీ, ఒక ఉద్యోగినిని కనిపెట్టుకుని వరసగా ఎనిమిది గంటలు కూర్చున్న రోజే తనకు అన్నిటికంటే ఇష్టమైన కాలమనీ ఆమె చెబుతుంది. స్వరంలో ఫిర్యాదు లేదు. మంచి రోజులు తలచుకుంటున్న పెద్దావిడలా నిదానంగా చెబుతుంది. వెయ్యేళ్లు బతికి పదేళ్లను పట్టించుకోని ఫ్రీరెన్‌కూ, బతికిన 107 గంటల్లో ఎనిమిది గంటలను గుండెకు హత్తుకున్న మిస్ కేసీకీ ఉన్న తేడాను నేను అప్పుడప్పుడు ఆలోచిస్తూనే ఉంటాను. అయితే మొదటి సీజన్ ముగిశాక రెండోది రావడానికి 2025 జనవరి దాకా, అంటే దాదాపు మూడేళ్లు పట్టింది. ఇంత చిక్కుముడి కథకు అంత విరామం మంచిది కాదు. చిన్న చిన్న ఆధారాలను గుర్తుపెట్టుకోవలసిన ప్రేక్షకుడి మీద అది చాలా భారం వేస్తుంది.

ఇక ‘ద పిట్’. 2025 జనవరిలో హెచ్‌బీఓ మ్యాక్స్‌లో (అప్పటికి దాని పేరు ‘మ్యాక్స్’) మొదలైన ఈ సిరీస్‌ను ఆర్. స్కాట్ జెమిల్ సృష్టించాడు. పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఒక షిఫ్టు మొత్తాన్ని పదిహేను ఎపిసోడ్లలో చూపిస్తుంది. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో గంట. ఉదయం ఏడుకు మొదలై రాత్రి పదికి ముగుస్తుంది. నాయకుడు డాక్టర్ రాబీగా నటించిన నోవా వైలీ, 1994లో మొదలైన ఆసుపత్రి సిరీస్ ‘ఈఆర్’లో వైద్య విద్యార్థి కార్టర్‌గా మనకు పరిచయమైనవాడే. ఆనాడు వార్డులో కంగారుగా అడుగుపెట్టిన యువకుడి ముఖం మీద ఈనాటి ముడతలు చూసినప్పుడు, రెండు పాత్రలకు కథలో ఏ సంబంధం లేకపోయినా, ముప్ఫై ఏళ్ల కాలం మన కళ్ల ముందే నిలబడుతుంది. 2025 ఎమ్మీ టెలివిజన్ పురస్కారాల్లో ఉత్తమ డ్రామా సిరీస్‌గా ఇది, ఉత్తమ నటుడిగా అతను గెలవడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

గడియారంతో పాటు కథ నడపడం కొత్త సంగతి కాదు. 2001లో వచ్చిన ‘24’ ప్రతి ఎపిసోడ్‌ను ఒక గంటగా చూపించింది. కానీ అక్కడ గడియారం ఉత్కంఠ కోసం, బాంబు పేలేలోపు చేరుకోవాలన్న తొందర కోసం. ‘ద పిట్’లో గడియారం అలసట కోసం. ఉదయం ఏడింటికి నవ్వుతూ పలకరించిన నర్సు సాయంత్రానికి ఎలా ఉంటుందో, బూట్లు తొడుక్కుని పన్నెండు గంటలు దాటినవాళ్లు గోడకు ఎలా ఆనుకుంటారో, అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ ఎవరో వచ్చి ఎలా లేపుతారో ఇందులో చూస్తాం. నేపథ్య సంగీతం దాదాపు లేదు. యంత్రాల కూత, చక్రాల బల్లల చప్పుడు, ఎవరో ఎవరినో పిలిచే గొంతులు, అవే సంగీతం. ఏ దృశ్యానికి బాధపడాలో వయొలిన్ వచ్చి చెప్పదు కాబట్టి, బాధ మనకు దానంతట అదే తగులుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. తొలి గంటల్లో ఒక వృద్ధుడిని తీసుకువస్తారు. యంత్రాల సాయంతో తన ప్రాణాన్ని నిలబెట్టవద్దని ఆయన ముందుగానే రాసి ఉంచాడు. తండ్రిని వదులుకోలేని కొడుకూ కూతురూ అందుకు ఒప్పుకోరు, గొంతులో గొట్టం వేయిస్తారు. మామూలు వైద్య నాటకంలో ఒక్క ఎపిసోడ్‌లో తేలిపోయే ఈ సంగతి ఇక్కడ కొన్ని గంటలు, అంటే కొన్ని ఎపిసోడ్లు పడుతుంది. రాబీ మధ్యలో ఇంకెందరినో చూసి, మళ్లీ ఆ గది తలుపు తీసినప్పుడల్లా వాళ్లిద్దరి ముఖాలు కొంచెం మారి ఉంటాయి. చివరికి గొట్టం తీయడానికి ఒప్పుకుంటారు. అప్పుడు రాబీ, తన గురువు దగ్గర నేర్చుకున్న హవాయి దీవుల సంప్రదాయం ఒకటి చెప్పి, నిన్ను ప్రేమిస్తున్నాను, నీకు కృతజ్ఞుణ్ని, నిన్ను క్షమిస్తున్నాను, నన్ను క్షమించు అనే నాలుగు మాటలు తండ్రితో చెప్పమంటాడు. పక్క గదిలో ఇంకెవరో నొప్పితో అరుస్తూనే ఉంటారు. ఆ నిర్ణయానికి రావడానికి వాళ్లకు పట్టిన గంటలన్నీ మనమూ గడిపాం కాబట్టే ఆ నాలుగు మాటలు అంత బరువుగా వినిపిస్తాయి.

అలాగే విటకర్ అనే వైద్య విద్యార్థి సంగతి. తను చూస్తున్న రోగి, ప్రాణాపాయం ఉందని ఎవరూ అనుకోని మనిషి, ఉన్నట్టుండి పోతాడు. ఇక ఆపమని పెద్దవాళ్లు చెబుతున్నా విటకర్ ఆ ఛాతీ మీద చేతులు నొక్కుతూనే ఉంటాడు. ఆ తర్వాత అందరూ కాసేపు మౌనంగా నిలబడతారు. వెంటనే అతను ఇంకో రోగి దగ్గరికి వెళ్లాలి. దుఃఖించడానికి ఆ షిఫ్టులో చోటు లేదు, ఆ రోజు ఇంకా చాలా మిగిలి ఉంది. ఎన్నో గంటల తర్వాత రాబీ కూలిపోయి నేల మీద కూర్చుని ఏడుస్తున్నప్పుడు అతన్ని చూసి లేపేది ఈ విటకరే. పొద్దున వాడి చేయి పట్టుకుని నడిపించిన మనిషిని రాత్రి వాడే నిలబెట్టాడు. పదిహేను గంటల్లో ఒక కుర్రవాడు పెద్దవాడైన సంగతి ఎవరూ నోటితో చెప్పరు.

కాలాన్ని ఇంకా బిగించి పట్టుకున్నది ‘అడాలసెన్స్’. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ బ్రిటిష్ సిరీస్‌కు నాలుగే ఎపిసోడ్లు. జాక్ థోర్న్, స్టీఫెన్ గ్రాహం రాశారు, ఫిలిప్ బారంటీని దర్శకుడు. ప్రతి ఎపిసోడ్ మొదటి నుంచి చివరి దాకా ఒకే షాట్. ఎక్కడా కోత లేదు. కెమెరాను ఒక మనిషి నుంచి ఇంకో మనిషి అందుకుంటూ, కారులోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి వ్యానులోకి తీసుకువెళ్లారు. రెండో ఎపిసోడ్ చివర కెమెరాను డ్రోన్‌కు తగిలించి, బడి దగ్గరి నుంచి ఊరి మీదుగా హత్య జరిగిన చోటుకు చేర్చారు. ఈ నేర్పు గురించి అందరూ మాట్లాడారు, మాట్లాడవలసిందే. నాకు ఇంకా ముఖ్యంగా తోచింది వేరే ఉంది. ఎపిసోడ్ లోపల ఒక్క సెకను కూడా వదలని ఈ కథ, ఎపిసోడ్‌కూ ఎపిసోడ్‌కూ మధ్య మాత్రం రోజులూ నెలలూ దాటిపోతుంది. నాలుగోది మొదలయ్యేసరికి అరెస్టు జరిగి పదమూడు నెలలయింది. కేసు విచారణలు, పత్రికల రాతలు, ఊరి మాటలు ఇవన్నీ ఆ ఖాళీల్లోనే ఉండిపోయాయి. ఇంకొకరైతే అవే తీసేవారు.

మూడో ఎపిసోడ్‌లో దాదాపు అంతా ఒకే గది, ఇద్దరే మనుషులు. జేమీ అనే ఆ పిల్లవాడు, అతని మనస్తత్వం మీద నివేదిక రాయడానికి వచ్చిన మనస్తత్వ శాస్త్ర నిపుణురాలు. ఆమె అతనికి హాట్ చాక్లెట్ తెస్తుంది, తన సాండ్‌విచ్‌లో సగం ఇస్తుంది. తనకు నచ్చదని అంటూనే తర్వాత ఒక ముక్క కొరుకుతాడు. ముద్దుగా మాట్లాడుతున్నవాడు మరుక్షణం లేచి నిలబడి అరుస్తాడు, ఆమె మీదికి వంగుతాడు, మళ్లీ చిన్నపిల్లవాడైపోతాడు. ఒకచోట నిజంగానే ఆవులించాడట ఆ కుర్రవాడు. ఎదురుగా ఆ నిపుణురాలిగా నటిస్తున్న ఎరిన్ డోహర్టీ, నేను విసిగిస్తున్నానా అని అప్పటికప్పుడు అందుకుంది, అది అలాగే ఉంచేశారు. అతన్ని బయటికి తీసుకుపోయాక ఆమె ఒంటరిగా కూర్చుని, కొరికి వదిలేసిన ఆ సాండ్‌విచ్ ముక్కను ముట్టుకోవడానికి కూడా చేతులు రాక, ఊపిరి కూడగట్టుకుంటుంది. కెమెరా ఆమెను వదలదు. కోత ఉండి ఉంటే దర్శకుడు మనల్ని ఆ గదిలోంచి కాపాడి ఉండేవాడు. జేమీగా నటించిన ఓవెన్ కూపర్‌కు తెర మీద ఇదే మొదటి పాత్ర అంటే నమ్మడం కష్టం. పదిహేనేళ్ల వయసులో అతనికి ఎమ్మీ దక్కింది.

ఇవన్నీ బరువైన కథలు. మధ్యలో ‘ద అపోథెకరీ డైరీస్’ నాకు తేలికైన సంతోషాన్ని ఇచ్చింది. నత్సు హ్యూగా రాసిన నవలల ఆధారంగా 2023 అక్టోబరులో మొదలైంది, రెండో సీజన్ 2025 జనవరిలో వచ్చింది. ప్రాచీన చైనాను పోలిన ఒక ఊహా సామ్రాజ్యంలో, రాజుగారి అంతఃపురంలో దాసిగా చిక్కుకున్న మావోమావో అనే అమ్మాయికి మందులన్నా విషాలన్నా ప్రాణం. రాజు బిడ్డలు వరసగా చనిపోతుంటే అందరూ శాపమంటారు. తల్లులు ముఖానికి రాసుకునే తెల్లటి పొడిలోని విషమే కారణమని గ్రహించిన మావోమావో, కొమ్మకు కట్టిన గుడ్డ ముక్క మీద ఆ మాట రాసి గుట్టుగా కిటికీ దగ్గర పెట్టి వెళ్లిపోతుంది. సీసం కలిసిన ముఖచూర్ణాలు చరిత్రలో నిజంగానే ఉండేవి. కథలోని వైద్యం ఇలా నేల మీద నిలబడి ఉండటం నాకు చాలా ఇష్టం.

ఇక్కడ కాలం ఇంకో రకంగా పనిచేస్తుంది. ఒక గోదాములో నిప్పంటుకుంటుంది, ఇంకెక్కడో ఒకరికి తిండి విషమవుతుంది, ఒక లోహకారుడు ముగ్గురు కొడుకులకు అర్థం కాని వీలునామా వదిలిపోతాడు. ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్కో చిక్కు విడిపోతుంటుంది, మనం వాటిని విడివిడి కథలనుకుని ఆనందిస్తాం. అన్నీ కలిసి ఒకే కుట్ర అని, తక్కువ వేడికే కరిగే ఆ లోహకారుడి మిశ్రమలోహమే పూజామందిరంలో పైనున్న భారీ దూలాన్ని పడగొట్టడానికి వాడుతున్నారని మావోమావోకు తట్టిన క్షణంలో, ఆమెతో పాటు మనమూ పరుగు తీస్తాం. పూసలు ఒక్కొక్కటే చేతికిచ్చి చివర్లో దారం లాగినట్టుంటుంది. వారానికి ఒకటి చొప్పున వచ్చినప్పుడు చూసినవాళ్లకు ఆ పూసలు ఎక్కువకాలం చేతిలో ఉన్నాయి, వాళ్ల ఆనందమే ఎక్కువని నేను అనుకుంటాను.

‘దాన్‌దాదాన్’ గురించి కూడా ఒక మాట చెప్పాలి. దెయ్యాలు, గ్రహాంతరవాసులు, పిచ్చి పరుగులు, అరుపులతో నిండిన ఈ సిరీస్ ఇప్పటిదాకా చెప్పినవాటికి పూర్తిగా భిన్నం. అయినా మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లో ఆ వేగమంతా ఆగిపోతుంది. అప్పటిదాకా భయపెట్టిన ఒక దెయ్యం, కూతురి కోసం ఎన్నో పనులు చేసి చితికిపోయిన తల్లి అని తెలుస్తుంది. ఆమె గతం దాదాపు మాటలు లేకుండా నడుస్తుంది. అంత హోరు తర్వాత వచ్చింది కాబట్టే ఆ నిశ్శబ్దం గుచ్చుకుంది. మిగిలిన ఎపిసోడ్లు సరదాగా గడిచిపోతాయి, గుర్తుండేది మాత్రం అదే.

వీటన్నిటినీ ఎలా చూడాలన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2013 ఫిబ్రవరిలో ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ 13 ఎపిసోడ్లనూ ఒకేసారి విడుదల చేసినప్పటి నుంచి, ఒక్క రాత్రిలో సీజన్ ముగించడం గొప్పగా చెప్పుకునే సంగతి అయింది. ‘అడాలసెన్స్’లాంటి నాలుగు ఎపిసోడ్ల కథకు అది సరిపోతుంది. ‘ద పిట్’ మాత్రం జనవరి 9 నుంచి ఏప్రిల్ 10 వరకు వారం వారం వచ్చింది. తెర మీద ఒక్క రోజు గడవడానికి ప్రేక్షకుడి జీవితంలో మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఆ ఆసుపత్రి మనుషులు మనకు తెలిసినవాళ్లయిపోతారు. ఒకేసారి చూసినా కథ అర్థమవుతుంది, ఆ సాన్నిహిత్యం మాత్రం రాదు.

అంతకంటే బాధ కలిగించేది వేగం పెంచి చూడటం. ఒకటిన్నర రెట్లు వేగంతో చూసి ఎన్ని సిరీస్‌లు పూర్తి చేశామో లెక్క చెప్పుకునేవాళ్లను చూస్తుంటే నిజంగా మనసు కష్టపెట్టుకుంటాను. వార్తలు, పాఠాలు అలా విన్నా నష్టం లేకపోవచ్చు. హిమ్మెల్ మోకాలి మీద కూర్చునే దృశ్యాన్ని అలా చూస్తే దర్శకుడు లెక్కపెట్టి వదిలిన మౌనం పోతుంది, సంగీతంలో రెండు స్వరాల మధ్య ఉంచిన ఖాళీ పోతుంది. అప్పుడు మిగిలేది కథా సారాంశం. అది చదువుకోవడానికి ఒక పేజీ చాలు. అనిమేల్లో మొదట ఒకటిన్నర నిమిషం, చివర ఒకటిన్నర నిమిషం వచ్చే పాటలను కూడా దాటేయవద్దని నేను స్నేహితులను బతిమాలుతుంటాను. ముఖ్యంగా చివరి పాట. ఇప్పుడే చూసింది లోపలికి ఇంకడానికి ఇచ్చిన సమయం అది.

2026 జనవరిలో ‘ఫ్రీరెన్’ రెండో సీజన్, ‘ద పిట్’ రెండో సీజన్ రెండూ కొద్ది రోజుల తేడాతో మొదలయ్యాయి. మొదటిది ఉత్తరాది పీఠభూమి వైపు సాగే ప్రయాణాన్ని మళ్లీ అందుకుంది, పరీక్షల గుంపు పోయి ఫ్రీరెన్, ఆమె శిష్యురాలు ఫెర్న్, యువ యోధుడు స్టార్క్ ముగ్గురే దారిలో మిగలడం నాకు పెద్ద ఊరట. రెండోది మొదటి సీజన్ తర్వాత పది నెలలు దాటి, జులై 4 నాటి షిఫ్టుతో మొదలైంది. మాదకద్రవ్యాల అలవాటు బయటపడి వెళ్లిపోయిన డాక్టర్ లాంగ్డన్ చికిత్స పూర్తి చేసుకుని ఆ రోజే మళ్లీ పనిలో చేరతాడు. ఆ పది నెలల్లో అతను ఏం పడ్డాడో వెనక్కి వెళ్లి చూపించలేదు. ఒకప్పుడు భుజాలు తట్టుకుని మాట్లాడుకున్న రాబీకీ అతనికీ మధ్య ఇప్పుడున్న దూరంలో, ఎదురుపడితే ఎలా ఉండాలో తేలని ఆ ఇబ్బందిలో ఆ నెలలన్నీ కనిపిస్తాయి.